ఒక్క రోజు బ్రేకు

నోటిఫికేషన్ నేనే టైపు జేసిన.
టెక్నికల్ అసిస్టెంట్, పోస్టు ఒకటి,
పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతోపాటే సమాప్తం.
'సమాప్తం' కాడ ఒక అక్షరం తప్పువడ్డది.
దిద్దిన.
పోయే కొలువైనా తప్పుల్లేకుండ పోవాలె గద.

నాలుగు పిన్నులు గుచ్చి బోర్డుకు పెట్టిన.
నిరుటి కాయితం ఇంకా దాని కిందనే ఉన్నది,
దాని కింద ముందటేటిది.
బోర్డు మందమైంది గని
జీతం ఉన్నకాడనే ఉన్నది.

క్లాక్ టవర్ కాడ మళ్ల ఫొటో దిగిన.
"అన్నా, పాతదే ఉన్నది, కాపీలు తియ్యాల్నా?"
స్టూడియో పిలగాడు అడిగిండు.
వద్దన్న. ఆ ఫొటోల నెత్తిమీద వెంట్రుకలున్నయి.

పదకొండు నెలలకొకసారి ఒక్క రోజు బ్రేకు.
ఆ రోజు నేను ఎవన్నీ గాను.
తాళంచెవి ఆఫీసుల అప్పజెప్పి
గేటు కాడ చాయ్ తాగుతుంటే
మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు.
చేతిల కూల్‌డ్రింకు సీస, అండ్ల బోరు నీళ్లు.
"సారూ, మా మనవరాలికి పాలపండ్లు ఊడుతున్నయి.
వచ్చే పండ్లకన్న ఈ నీళ్లు మంచియేనా, జెర సూసి చెప్పు."
ఇయ్యాల నేను సారును గానని
ఆయనకు ఏ భాషల చెప్పాలె?
సీస మీద ఊరు, పేరు, తేదీ రాసి
సంచిల పెట్టుకున్న.

తెల్లారి ఇంటర్వ్యూ.
ల్యాబు ముందట వరండాల పదిహేడు కుర్చీలు,
అన్నీ నేనే ఏసిన. నాది తొమ్మిదోది.
లోపల, హైదరాబాదు నుంచి వచ్చినాయన
నా కాయితాలు తిరిగేసుకుంట అడిగిండు:
"అయాన్ మీటర్ ఎప్పుడన్న చూసినవా?"

రాత్రి దాని మూతి దేంట్ల నానాలెనో,
ఏప్రిల్ ఎండలకు ఎట్ల మొండికేస్తదో,
కరెంటు పోయొచ్చినంక
ఎంతసేపు అబద్దాలు చెప్తదో,
బల్ల మీద ఏ మూల పెడితే ఒణకదో...
"చూసిన సార్" అన్న.

బయటికొస్తే పదో కుర్చీల జర్పుల నందిని.
చందంపేట పిల్ల. రెండేండ్ల కింద
నా బల్ల కాడనే ప్రాక్టికల్స్ చేసింది.
చేతుల ఫైలు చెమటకు మెత్తవడ్డది.
"అన్నా, స్లోపు ఎంత రావాలె? యాదికొస్తలేదు."

లోపలి నుంచి ఆమె పేరు పిలుస్తున్నరు.
నాకు ఎంత ఆలస్యమైందో నాకే తెలుసు,
ఆమె మాత్రం నా మొకమే చూస్తున్నది.
"యాభై తొమ్మిది దగ్గర.
యాభై నాలుగుకు దిగితే నమ్మకు, మళ్ల మొదటినుంచి చెయ్యి."
యాభై తొమ్మిది, యాభై తొమ్మిది అనుకుంట పోయింది.
తలుపు మూసుకున్నది.

తాళంచెవి ఎవలకిస్తరో తెల్వదు.
సీస మూత ఇంకొకసారి బిగించి
లేబులు మీద, నిన్నటి తేదీ పక్కన,
సాంపిల్ నంబర్ ఒకటి
అని రాసిన.