నిలువూ అడ్డమూ

కొరిటెపాడులో ఆ ఇల్లు
అప్పటికింకా ఇటుకల రంగులోనే ఉంది.
వంటగది రావాల్సిన చోట
ఒక సిమెంటు బస్తా, ఒక నీళ్ళ డ్రమ్ము,
చెవి వెనక పెన్సిలుతో సుభానీ మేస్త్రి.

నాకు పదిహేడేళ్ళు.
పనిలో చేరి తొమ్మిది రోజులు.

ఫ్రిజ్జు పెట్టె కింద, ఓవెను పెట్టె పైన.
రెంటి మధ్యా దారి కళ్ళతోనే కొలిచాను.
ఏటవాలుగా కోస్తే అయిపోద్ది,
ఒక బెండు మిగులుద్ది, మూరెడు పైపు మిగులుద్ది,
సాయంత్రం కూడా కాస్త మిగులుద్ది.
ఆయన టీకి వెళ్ళొచ్చేలోపు
మిషను పెట్టి కోసేశాను.
ఎర్రటి దుమ్ము. కనురెప్పల మీద కూడా.
నా తెలివికి నేనే మురిసిపోతూ నిలబడ్డాను.

ఆయన తిట్టలేదు.
గాడిలో వేలు పెట్టి
ఈ కొస నుంచి ఆ కొసకి నడిపాడు,
గాయం లోతు చూసే కాంపౌండరులాగా.
"పూడ్చు" అన్నాడు.
"ముందు తడుపు. తర్వాత పూడ్చు."

నేను పూడుస్తుంటే చెప్పాడు,
నాతో కాదు, గోడతో చెబుతున్నట్టు:

"రేపు దీని మీద ప్లాస్టరింగు పడుద్ది. ఆపైన టైల్సు.
నువ్వుండవు, నేనుండను,
ఇంటాయనే అమ్ముకుని పోవచ్చు.
ఎవరో ఒకామె గరిటెలు తగిలించుకోడానికి
మేకు కొట్టుకుంటది.
మనమెవరో ఆమెకి తెలవదు.
స్విచ్చు పెట్టెను చూసి అనుకుంటది,
దీనికి కరెంటు పైనుంచన్నా దిగాలి
పక్కనుంచన్నా రావాలి అని.
ఆ రెండు దార్లూ వదిలేసి మేకు పెడుద్ది.
ఆమె అనుకున్నదాన్ని
మనం అబద్ధం చెయ్యగూడదురా."

నిలువుగా దించాం. అడ్డంగా పట్టాం.
పొయ్యి నెత్తిన ఏ తీగా పోలేదు.
సింకుకి దూరం జరిగాం,
గ్యాసు గొట్టం వచ్చే గోడ వైపు అసలు తిరగలేదు.
ఒకచోట కాంక్రీటు అడ్డొచ్చి గాడి లోతు రాకపోతే
పైపు మీద మందపాటి ఇనప రేకు కప్పించి
ఆ రేక్కి కూడా ఆకుపచ్చ తీగ చుట్టించాడు.
"మేకొచ్చి ముందు దీన్నడగాలి."

ఆఖర్న, ఎవరిదో శుభలేఖ వెనక
గోడ బొమ్మ గీయించాడు నా చేత.
నేల నుంచి ఎంత, కిటికీ నుంచి ఎంత.
మూలన పసుపు బొట్టున్న ఆ కార్డు
ఇంటావిడ హైమావతి గారు
గ్యాసు పుస్తకంలో దాచుకున్నారు.

పన్నెండేళ్ళయింది.
ఇంట్లో ఎవరెవరో అద్దెకుండి పోయారు.
కార్డు ఏ గ్యాసు పుస్తకంతో ఎటు పోయిందో.

మొన్న వాటర్ ఫిల్టరు బిగించడానికి పిలిచారు.
పెద్దాసుపత్రిలో నర్సంట, ప్రిస్కిల్లా గారు,
నైటు డ్యూటీ దిగొచ్చిన కళ్ళు.
ఎక్కడ కొట్టాలో అప్పటికే
తెల్లటి టేపు ముక్క అంటించి ఉంది.
ఫ్రిజ్జుకీ ఓవెనుకీ మధ్య,
పెట్టెల పైనా కాదు, పక్కనా కాదు.
"వైర్లు ఇటు రావు కదా, అందుకని."

మెయిన్ ఆపాను. టెస్టరు పెట్టాను.
అయినా అరచేయి చెమట పట్టింది.
ఆ టేపు ముక్క ఎక్కడుందో
ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

డ్రిల్లు టైలు దాటింది, ప్లాస్టరింగు దాటింది.
ఆవిడ కింద పాత పేపరు పట్టుకుంది.
ఎర్రగా రాలాల్సిన పొడి
బూడిద రంగులో రాలింది,
మెత్తగా, చాలాసేపు.

"ఇదేంటి, ఇక్కడ ఇటుక లేదా?"

"ఉందండీ" అన్నాను.
"కొంచెం పక్కన."

రెండో రంధ్రం ఎర్రగానే వచ్చింది.