పది మీటర్లు పోయి, పది మీటర్లు వచ్చి

షెఫీల్డ్‌లో వాన. ఫిజియో వార్డు నడవాలో
నేలకంటించిన పసుపు టేపు మీద ఇబట్సన్ గారు.
కుడికాలు ఆయన మాట వినడం మానేసి ఇది మూడో నెల.
నా చేతిలో స్టాప్‌వాచ్.

పోవడానికి పది మీటర్లు: పన్నెండు సెకన్లు.
మలుపు లెక్కలోకి రాదు, గడియారం ఆపేశాను.
రావడానికి అవే పది మీటర్లు: ఇరవై.

నత్తనడక అని రాయడానికి ఫారంలో గడి లేదు,
దానికి సెకనుకు ఎన్ని మీటర్లో కావాలి.
అటు సున్నా పాయింటు ఎనిమిది మూడు, ఇటు అర.
రెండూ కలిపి సగం చేశాను:
సున్నా పాయింటు ఆరు ఏడు.

"మైళ్ళలో చెప్పమ్మాయ్," కుర్చీలో కూలబడి అడిగారు.
మూడు పాయింటు ఆరుతో పెంచి కిలోమీటర్లు చేశాను,
ఒకటి పాయింటు ఆరుతో తుంచి మైళ్ళు చేశాను.
"గంటకు ఒకటిన్నర."

ఆయన నవ్వలేదు.
"అలా కలపకూడదు.
నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పాతిక మైళ్ళ సైకిల్ పందెం.
సగం దూరం వీపున గాలి, గంటకు ముప్పై.
మలుపు తిరిగాక మొహాన గాలి, ఇరవై.
నేనూ నీలాగే సగటు పాతికనుకున్నా,
గంటలో కొట్టేశాననుకున్నా.
రెండున్నర నిమిషాలు తేడా వచ్చింది. సగటు ఇరవై నాలుగే.
గాలి నన్ను మోసింది ఇరవై ఐదు నిమిషాలు,
తోసింది ముప్పై ఏడున్నర.
మెల్లగా ఉన్నచోటే మనం ఎక్కువసేపు ఉంటాం."

మా ఊరి బండి సోమన్న దూరాన్ని చుట్టలతో కొలిచేవాడు.
సంత రెండు చుట్టల దూరం.
ఎదురుగాలికి చుట్ట తొందరగా కాలేది,
ఆ రోజు సంత మూడు చుట్టల దూరం.
అతన్ని అందరూ వెక్కిరించేవాళ్ళు, నేనూ.

ఫారం మీద అంకె కొట్టేశాను.
ఇరవై మీటర్లు, ముప్పై రెండు సెకన్లు.
సున్నా పాయింటు ఆరు రెండు, చిల్లర.
"మైళ్ళలో?"
"ఒకటి పాయింటు నాలుగు."
"ఊఁ, అదీ," అన్నారు,
ఎవరో తన సైకిల్ తనకు తిరిగిచ్చినట్టు.

సాయంత్రం బస్సు దిగి
ఆయన వీధి చివరి క్రాసింగ్ దగ్గర ఆగాను.
అంగలేసి కొలిచాను: తొమ్మిది మీటర్లు.
పచ్చబొమ్మ వెలిగి ఆరేలోగా పది సెకన్లు.
పోయే ఇబట్సన్ గారికి
అవతలి గట్టు ఇంకొక్క అడుగు.
వచ్చే ఇబట్సన్ గారు, చేతిలో రొట్టె సంచితో,
నడిరోడ్డు మీదే.

మళ్ళీ మీట నొక్కాను.
సెకనుకు అర మీటరు చొప్పున
నేనే దాటి చూశాను.
బొమ్మ ఎర్రబడింది. మడమల కింద తారు పొడుగవుతోంది.
వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టలేదు.
అతని వైపర్లు మాత్రం
అటొకసారి, ఇటొకసారి,
నన్ను లెక్కపెడుతున్నాయి.