కొంగున తాళం

కరెంటు బండికి శబ్దం ఉండదని అందరికీ భయం.
నాకు లారీకీ శబ్దం లేదు.
పదకొండేళ్లు పాలిషింగ్ మిషను పక్కన నిలబడితే
రాయితో పాటు నా చెవులూ నున్నబడ్డాయి.
చీమకుర్తిలో దీన్ని రోగమనరు, సర్వీసంటారు.

కెజియా వాకిట్లోకి వచ్చిందని
నాకు చెప్పేది గోడ మీద కదిలే లైటు వెలుగు.
పదమూడు నిండి నాలుగు నెలలు దానికి.
సీటెక్కితే మునివేళ్లే ఆనతాయి నేలకి.

బండి దాని కోసం కొన్నది కాదు.
క్వారీలో రాయి దొర్లి వాళ్ల నాన్న మడమ పోయాక
సైకిలు తొక్కలేడని, వాయిదాల మీద,
ఒంగోలు నుంచి తెచ్చిన పాలపిట్ట రంగు బండి.
'ఇరవై అయిదు దాటదు, లైసెన్సుతో పన్లేదు,
పిల్లకాయలు గూడా తోలొచ్చు' అన్నాడు షాపతను,
చేతిలో చాక్లెట్టు పెడుతున్నట్టు.

మొదట ఎక్కించింది ఎవరు?
ఎవరూ అడగరు గానీ నేనే చెప్తా.
మే నెల. నీళ్ల క్యాను ఖాళీ. ఆయనకి కాలు వాపు, నాకు షిఫ్టు.
'ఈ ఒక్కసారికి పోయి రామ్మా, ప్లాంటు దాకానే గదా' అన్నా.
ఆ ఒక్కసారి ఇంకా అయిపోలా.

క్యాను తర్వాత రేషను, రేషను తర్వాత నాన్న మాత్రలు,
మాత్రల తర్వాత బడి,
బడి తర్వాత నాకు తెలియని ఒక పావుగంట.
'యాడికి పోయావే' అంటే
'ఊరికే, గాలికి తిరిగొచ్చానమ్మా' అంది.
దాని ఈడులో నేను కందిచేలో కూలికి వంగున్నా,
నాకెవరిచ్చారు గాలి?
ఆ పొద్దు కసిరింది భయంతోనో, కుళ్లుతోనో.

సిలార్ కొట్టు కాడ మూడొందలిస్తే
ఏదో తీగ కోసేస్తారంట,
ఇరవై అయిదు కాస్తా యాభై అవుద్దంట.
దాని క్లాసు మగపిల్లలు ఐదుగురు కోయించుకున్నారంట.
'నువ్వు?' అన్నా.
'నా దగ్గర మూడొందలేవి?' అంది.
అది జవాబా?

పోయిన గురువారం రామతీర్థం మలుపులో
ఒకే బండి మీద ముగ్గురు పిల్లకాయలు.
మోచేతులు తప్ప ఏం కాలా వాళ్లకి.
లారీ డ్రైవరే దిగి, మట్టిలో కూలబడి, బీడీ ముట్టించుకోలేక
అగ్గిపెట్టె మొత్తం ఒంపేశాడంట.
'బ్రేకేస్తే లారీ ఆగుద్ది,
పైనున్న ముప్పై టన్నుల రాయికి ఎవడు చెప్తాడు ఆగమని?'

ఆ రాత్రి తాళంచెవి కొంగున ముడేశా.
అది అరవలా. నా ఎదురుగా వచ్చి నిలబడి,
దీపం కింద, నిదానంగా, పెదాలు బాగా కదిపి,
'నువ్వే గదా ఎక్కించావు' అంది.
నేను మాటలు చదువుకునేదాన్ని.
ఆ మాట ఇప్పటికీ చదువుతానే ఉన్నా.

ఆదివారం ప్రార్థన అయ్యాక
'ఎట్టా తోల్తావో చూపించు' అని వెనక ఎక్కా.
మలుపు కాడ ఆపి, ఒక కాలు కింద పెట్టింది.
'రోడ్డు ఖాళీనే గదే!'
చెయ్యెత్తింది, ఆగమని.
ఊపిరి పీల్చుకునేలోపు గుట్టంత లారీ
మలుపు తిరిగి మా ముందే పోయింది.
దుమ్ములో దాని వీపుకి మొహం ఆనించుకుని
చాలాసేపు తియ్యలా.

కానీ వెనకున్నది నేను గనక ఆగింది.
రేపు నవ్వించే సావాసగత్తె ఉంటే?
చెవుల్లో పాటలుంటే?
అమ్మ లేని మలుపులు ఎన్నో
నాకు లెక్క రాదు.

ఈ పొద్దు సోమవారం. క్యాను వంచి చూశా, గ్లాసుడు.
ఆయన గోడ పట్టుకుని లేవబోతున్నాడు.
అది జడేసుకుంటా నా కొంగు వైపే చూస్తోంది.
క్యాను చంకనెత్తుకుని గడప దాటా.
కాసేపటికి పక్కన చెప్పుల దుమ్ము.
అడక్కుండానే రోడ్డు వైపుకి మారింది,
నన్ను కాలవ వైపుకి నెట్టి.

ప్లాంటు దాకా కిలోమీటరున్నర.
పోయేటప్పుడు క్యాను తేలికే.