పన్నెండో నెల

నా పేరు కూర్మారావు.
పేరులో తాబేలుంది గానీ
వీపు మీద ఇల్లు లేదు.

శ్రీకాకుళం కోర్టు గోడవతల, నీలం టార్పాలిన్ కింద
కంప్యూటరు, ప్రింటరు, స్టాంపు కాగితాల కట్ట.
అద్దె ఒప్పందాలు రాస్తాను.
రాయడమంటే ఏముంది,
పాత ఫైలు తెరిచి పేర్లు మార్చడమే.
ఒకసారి మార్చడం మరిచిపోయాను:
గూనపాలెంలో ఒక కుటుంబం
పదకొండు నెలలు ఇంకెవరి పేరుతోనో కాపురముంది.
ఎవరూ గమనించలేదు.
అద్దె అందింది కదా.

ఎప్పుడూ పదకొండు నెలలే.
ఏడాది రాస్తే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కాలి,
ఇల్లుగల వాళ్లకి ఆ మెట్లంటే మోకాళ్ల నొప్పి.
ఇరవై రెండేళ్లుగా ప్రతి కాగితంలోనూ
ఒక నెల కొరికి పక్కన పడేస్తున్నాను.
ఆ పన్నెండో నెలలో
జనం ఎక్కడ వండుకుంటారో, ఎక్కడ పడుకుంటారో
చట్టాన్ని అడగాలి.

మొన్న మంగళవారం చింతాడ నీలవేణి వచ్చింది.
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయా.
"బలగలో కొడుక్కి పెళ్లని కాళీ సెయ్యమన్నారు బాబూ.
పెళ్లవనేదు. రెండేలు పెంచి ఇంకోలకిచ్చీసినారు.
ఇల్లీసుపురంలో గాలివానకి రేకెగిరిపోతే
బాగు సెయ్యమన్నాను, అంతే.
అడ్వాన్సులో సున్నానికని ఆరేలు,
మేకు కొట్టిన కన్నానికని ఒక ఎయ్యి పట్టీసుకున్నారు.
ఇంకో దగ్గిర కులమేటన్నారు. సెప్పినాను.
తాళం దొరకనేదన్నారు."

కాసేపు ఆగి,
"ఒక్క లైను రాయండి.
మా గుంటడు తొమ్మిది.
ఆడి పదో క్లాసు పరీచ్చలయ్యేదాక కదపకూడదని."

నా ఫైల్లో అలాంటి లైను లేదు.
ఐదో తేదీ లోపు అద్దె అని ఉంది.
గోడకి మేకు కొట్టరాదని ఉంది.
చుట్టాలు మూడు రోజులు మించరాదని ఉంది.
మొత్తం పద్దెనిమిది షరతులు,
పద్దెనిమిదీ ఆవిడ వైపే తిరిగి ఉన్నాయి,
దొంగ మొహం మీద టార్చిలైటులా.

పంతొమ్మిదోది కొట్టాను.
చట్టం భాష రాలేదు, ఆవిడ మాటే వచ్చింది.
వేళ్లు ఆగక ఇంకో రెండు కొట్టాయి:
పెంచేముందు మూడు నెలలు గడువివ్వాలి,
అడ్వాన్సు చేతిలో పెట్టకుండా తాళం అడగరాదు.

నాలుగింటికి పొట్నూరు కామేశ్వర్రావుగారు స్కూటరాపారు.
ఎవరూ చదవరు. ఆయన చదివారు.
"ఇల్లు నాదా ఆవిడదా కూర్మారావూ?
మా నాన్న అద్దెకిచ్చిన గదిలో ఒకడు పదేళ్లు కూర్చున్నాడు.
ఇదే కోర్టు చుట్టూ తిరిగి
ఎన్ని జతల చెప్పులరిగాయో నీకు తెలీదా?"
తెలుసు. ఆ కాగితాలు కూడా నేనే కొట్టాను.

ఇరవై ఒకటి కొట్టేశారు. ఇరవై కొట్టేశారు.
పంతొమ్మిది దగ్గర కలం ఆగింది.
"పరీక్షలెప్పుడు?"
"వచ్చే ఏడు కాదు బాబూ, ఆ పైయేడు మార్చిల."
లెక్క వేసుకున్నారు. పెదాలు కదిలాయి.
సంతకం పెట్టి, స్కూటరు స్టార్టు కాక
రెండుసార్లు తన్ని వెళ్లిపోయారు.

ఆయన మంచాయన. అదే నా భయం.
మంచాయన దొరికితేనే నిలబడే లైను
పక్క వీధిలో నిలబడదు.

ఫైలు మూస్తుంటే
మార్పులు దాచాలా అని అడిగింది మిషను.
మూడూ దాచమన్నాను.
రేపట్నించి ఎవరొచ్చినా అవి ముందే ఉంటాయి.
తీసెయ్యాలంటే
వాళ్లే, నలుగురి ముందు, కలం తియ్యాలి.

చీకటి పడ్డాక నాగావళి వంతెన దాటి
మా ఇంటికి, అంటే ఇంకొకరి ఇంటికి, నడిచాను.
నా కాగితం గడువు ఎప్పుడో తీరిపోయింది.
అడిగితే వాళ్లకి గుర్తొస్తుందని అడగడం లేదు.
చొక్కా విప్పి గోడ వైపు చెయ్యి చాచి,
మేకు లేదని గుర్తొచ్చి,
మడిచి కుర్చీ మీద పెట్టాను.