పడవ పక్కన నడక

ఇద్దరికీ కలిపి పదిహేను పౌండ్లు.
లెస్టర్ బస్సు దిగగానే
షహనాజ్ చిల్లర మళ్ళీ లెక్కపెట్టింది,
నైట్ డ్యూటీలో మాత్రలు లెక్కపెట్టినంత జాగ్రత్తగా.

బర్మింగ్‌హామ్‌లో వాన పడటం లేదు.
ఆగి చూస్తోంది, అంతే.

మార్కెట్లో అరటిపళ్ళు గిన్నెల్లో పోసి
"గిన్నె పౌండు, గిన్నె పౌండు" అని ఒకాయన కేక,
తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల పాట పెట్టినట్టు.
మచ్చపడ్డవి ఏడు, పడనివి రెండు.
మచ్చవే తీపి, అంది షహనాజ్.
కడపలోనూ ఇదే అనేదట.

కాలువ దగ్గర పడవ టికెట్టు ధర చూసి
ఇద్దరం ఒకేసారి తల తిప్పుకున్నాం.
మనిషికి పది!
కానీ ఆ పడవ
పెళ్ళినడక నడుస్తోంది నీళ్ళ మీద.
గట్టు మీద మేమూ అదే నడక.
గైడు మైకులో చెప్పేదంతా
టికెట్టు లేకుండానే మా చెవుల్లో పడింది:
బొగ్గు, ఇనుము, గుండీలు, కలం పాళీలు,
వెనిస్‌లో కూడా ఇన్ని మైళ్ళ కాలువలు లేవట.
"టేపు పట్టుకుని ఎవరు కొలిచారో"
అంది షహనాజ్, పండు ఒలుస్తూ.

సొరంగం వచ్చి
పడవనీ మాటనీ కలిపి మింగేసింది.
మిగతా చరిత్ర టికెట్టు కొన్నవాళ్ళకే.

వంతెన మూల ఇనుముకి గాట్లు,
నున్నగా, వేలు పట్టేంత.
పడవలు లాగిన గుర్రాల తాళ్ళు కోసినవట.
తాడు ఇనుమును కోస్తుందా?
రోజూ వెళ్తే కోస్తుంది.
నా అరచేతుల్లో
వీల్‌చైర్లు తోసిన కాయలున్నాయి.
ఇనుమా, తాడా, నేనెవర్నో
తేల్చుకోకుండానే వేలు తీసేశాను.

అక్కణ్ణించి నీళ్ళు మెట్లు మెట్లుగా దిగాయి.
బోర్డు చదివి ఆగిపోయాను.
లాకులు.
మా తాత లాకుల దగ్గర లస్కరు,
తలుపు తిప్పే మరకి ఆముదం పూసేవాడు.
ఆ మాట మాదే అనుకున్నాను ఇన్నాళ్ళూ,
వంకాయలాగా, ఎండలాగా.
ఇక్కడ తెల్ల రంగులో నిక్షేపంగా ఉంది,
మా ఇంటి గిన్నె పక్కింట్లో కనబడినట్టు.
ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో
అడగబుద్ధి కాలేదు.

"కాస్త ఓ చెయ్యి వేస్తారా?"
పడవలోనే కాపురముండే ముసలావిడ, డోరీన్.
నీళ్ళు సమానమయ్యేదాకా తలుపు కదలదు,
తొందరపడకండి, అంది.
ముగ్గురం ఊరికే నిలబడ్డాం.
తర్వాత దూలానికి వీపు ఆనించి తోయాలి,
చేతులతో కాదు, నడుముతో,
మంచం మీద మనిషిని ఒత్తిగిలించినట్టు.
అది మాకు చెప్పక్కర్లేదు.

కూలీ కింద పుడ్డింగు ముక్కలు రెండు,
నిన్నటి రొట్టె, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క.
పందికొవ్వు లేదు కదా, అడిగింది షహనాజ్.
వెన్నే తల్లీ, నవ్వింది డోరీన్.
కాలువలో మా నీడలు నమిలాయి.

సాయంత్రం ఒక్క పొట్లం చిప్స్,
పచ్చటి పిండిలో ముంచి వేయించినవి,
మన బజ్జీకి పినతల్లి కూతుళ్ళు.
మీద వెనిగరు.
చివరి ముక్క కోసం వాదించుకోలేదు.
అబద్ధం. వాదించుకున్నాం.

టీలు పోగా ఆరు పౌండ్ల నలభై.
బస్సులో షహనాజ్ నిద్రపోయింది,
నా భుజం మీద కొంచెం, కిటికీ మీద కొంచెం.
సొరంగంలో ఆ గైడు ఏం చెప్పాడో.
తాళ్ళ గురించి అయ్యుండదు.
లస్కర్ల గురించి అసలే కాదు.
వేళ్ళు వాసన చూసుకున్నాను:
వెనిగరు, దాని కింద తడి చెక్క.