చీకటి పడని ఊళ్లో విందు

మాట్లాడదలచినవాళ్లు ముందుగా నాకు ఫోన్ చేయాలి.
శుభలేఖ అడుగున నా పేరూ నంబరూ ఉన్నది అందుకే:
గుద్‌వేగ్, సభ నడిపే మనిషి.
ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు.
పెళ్లికొడుకు పాత ప్రేమల ఊసొద్దు.
తాగి పడవ ముంచిన కథ ఒక్కసారి చాలు,
దాని కోసం ఇప్పటికే ముగ్గురు కర్చీఫు వేసుకున్నారు.

సెన్యా దీవి, జూన్ నెల.
చేపలు దించే పాత షెడ్డు.
వారం పాటు కడిగి రంగు పూసినా
ఉప్పువాసన మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంది.

కుర్చీల లెక్క నా నాలుగు రాత్రులు తినేసింది.
రాత్రులని అలవాటు కొద్దీ అంటున్నాను,
కిటికీ నిండా ఎండే.
పెళ్లికూతురి తల్లి ఈ చివర,
పదకొండేళ్ల కిందట ఆమెతో తెగిపోయిన హాల్‌స్టైన్ ఆ చివర.
మధ్యలో ఎవరు?
అతని అక్క సోల్‌వోర్‌ని కూర్చోబెట్టాను.
ఆమెకు రెండు చెవులూ వినపడవు.
వినపడని మనిషంత మంచి గోడ లేదు.

దక్షిణాది నుంచి వచ్చే చుట్టాలకు రెండు ముక్కలు.
గ్లాసుల మీద చెంచాలు మోగితే
జంట కుర్చీలెక్కి ముద్దు పెట్టుకోవాలి.
కాళ్లతో నేల దడదడలాడిస్తే
బల్ల కిందికి దూరి పెట్టుకోవాలి.
సూపు చల్లారిపోతుంది. పోనివ్వండి.
పెళ్లికూతురు కాసేపు బయటికెళ్తే
ఆడవాళ్లందరూ వరుసకట్టి పెళ్లికొడుకు బుగ్గ ముద్దాడతారు.
ఎనభై దాటినావిడ రెండోసారి వరుసలోకొస్తే
చూడనట్టుండండి.
అమ్మమ్మల నాటి బూనాద్ కట్టినవాళ్లు
చలువ కళ్లద్దాలు పెట్టకూడదు,
అర్ధరాత్రి సూర్యుడు కళ్లల్లో పొడిచినా సరే.

మొదటి మాట పెళ్లికూతురి తండ్రిది.
ఫోన్ చేయనిదీ అతనొక్కడే.
చివరికి ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి
పడవ మీంచి చేశాడు.
ఇంజను చప్పుడు, గాలి, ఆ తర్వాత అతను:
"అయిదు నిమిషాలంటే ఎంతసేపు?"
నాకు తెలిసిన సలహాలన్నీ అప్పజెప్పాను.
చిన్నప్పటి సంగతొకటి చెప్పు,
అల్లుణ్ణి మెచ్చుకో,
పాత లెక్కలు తీయకు,
గ్లాసెత్తి స్కోల్ అని కూర్చో.
"అంత సరుకు లేదు నా దగ్గర," అన్నాడు.
"పోనీ పేరు పిలు, చాలు," అన్నాను
నిద్రమత్తులో.

ఆ రోజు లేచాడు.
కోటు జేబులోంచి కాగితం తీశాడు.
కళ్లద్దాలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.
"ఇంగ్యెర్," అన్నాడు.

అంతే.

కాకులూ గల్ పక్షులూ కప్పు మీద కాట్లాడుకుంటున్నాయి.
నా గడియారంలో రెండు నిమిషాలు.
ఇలాంటప్పుడు ఆదుకోవడమే నా ఉద్యోగం.
చెంచా అందుకున్నాను.
ఆ చివర నుంచి తల్లి
వద్దన్నట్టు తలాడించింది, నా వైపు చూడకుండానే.
మూడు నిమిషాలు.
తార్యెయ్ పెళ్లికూతురి చేయి పట్టుకోబోయి
మానేశాడు.
కాగితం ఒణుకుతోంది. పెదవులు రెండూ
తాళం వేసినట్టున్నాయి.
ఎప్పటికో గ్లాసు లేచింది.

అప్పుడు సోల్‌వోర్ చప్పట్లు కొట్టింది.
నోరు మూసుకోవడమూ గ్లాసు లేవడమూ చూసి
ప్రసంగం అయిపోయిందనుకుంది పాపం.
"ఎంత బాగా మాట్లాడావురా!"
చెవిటివాళ్ల గొంతు కదా, షెడ్డంతా మోగింది.
ఎవరో నవ్వారు. ఎవరో ముక్కు చీదారు.
తర్వాత అందరూ కొట్టాం,
నేల కూడా దడదడలాడింది,
కొత్త జంట అలవాటుగా బల్ల కిందికి దూరింది.
హాల్‌స్టైన్ కూర్చోవడం మరిచిపోయాడు.

ఇక అందరూ అడిగే ప్రశ్న:
పొద్దు గుంకని చోట ఎప్పుడు లేవాలి?
చిహ్నం ఒకటే.
అర్ధరాత్రి దాటాక వేడి సాసేజీలొస్తాయి.
అవి తిన్నారంటే వెళ్లిరమ్మని అర్థం.
మేం తిన్నాం. ఎవరూ కదల్లేదు.
నాలుగింటికి కూడా గుమ్మం బయట ఎండలో
తల్లి, తండ్రి, మధ్యలో సోల్‌వోర్,
ఎవరి సిగరెట్టు వాళ్లు.

బల్లలు తుడుస్తుంటే అతని ప్లేటు కింద
ఆ కాగితం దొరికింది.
సభ నడిపేవాళ్లు ఇలాంటివి చదవకూడదు.
నాలుగు మడతలు పెట్టి
అతని కోటు జేబులో వేశాను.
ఎవరడిగినా
చదవలేదనే చెబుతాను.