సగం పెదవి

మా ఊళ్లో నేల టికెట్టు ఆరు పెన్నీలు.
బాల్కనీ జనం మాకు తెలియదు,
వాళ్లు విసిరే నారింజ తొక్కలు తెలుసు.

హాలు పేరు అల్హాంబ్రా.
కాలువ గట్టున, రెండు నేత మిల్లుల నడుమ
ఇరుక్కుని కూర్చున్న ఎర్రిటుకల కొట్టం.
అంత పెద్ద పేరుకి నోరు తిరగక
నల్లుల కొట్టు అనేవాళ్లం.
తడిసిన ఉన్ని కోట్లు, చవక సిగరెట్లు,
ఎవరి జేబులోనో కరుగుతున్న పుదీనా బిళ్ల.
లాంకషైర్‌లో శనివారం వాసన అది.

అమ్మ నాలుగు మగ్గాలు నడిపేది.
ఆ షెడ్డులో మూడొందల మగ్గాలు ఒక్కసారి నోరు తెరిస్తే
మనిషి గొంతు పేకలో పోగైనా కాదు.
అందుకని అక్కడి ఆడవాళ్లు
గొంతు ఇంట్లో వదిలేసి
పెదాలు మాత్రం పనికి తెచ్చుకునేవాళ్లు.
ఎవరికి నెల తప్పింది, ఎవరి మొగుడు తాగొచ్చాడు,
అన్నీ ఆ మూల నుంచి ఈ మూలకి
నాడెల మోత మీదుగా
చప్పుడు లేకుండా దాటిపోయేవి.

హాల్లోనూ అంతే.
తెర వెలుగు మొహాల మీద పడితే చాలు.
మూడో వరసలో అమ్మ,
ఆ చివర తలుపు పక్కన ఎల్సీ క్లెగ్,
మధ్యలో హీరో ఎంత గొంతు చించుకున్నా సరే
వీళ్ల కబురు వీళ్లది.
టార్చి పట్టుకు తిరిగే పిల్ల
ఎవరిని కసరాలో తెలియక
ఊరికే నా మీద వెలుగేసేది.

ప్రొజెక్టరు వెలుగులో పొగ తేలుతుంటే
అమ్మ తలెత్తి చూసేది.
"మా షెడ్డు కిటికీలో దూది నుసి ఇట్లాగే ఉంటుంది!"
చెవులు మగ్గాలకిచ్చేసిన మనిషి,
గుసగుస అనుకుని అరిచేది.

ఒకసారి ఏదో యుద్ధం బొమ్మ.
రైలు కదులుతోంది, నాయిక ఏడుస్తోంది,
హాలంతా చేతిరుమాళ్లు.
అమ్మ ఒక్కతే పకపకా నవ్వింది.
కాదు, ఆ చివర ఎల్సీ కూడా.
వెనక గుంపులో టోపీవాడు,
డైలాగు లేనివాడు,
పక్కవాడితో అంటున్నాడట:
"భోజనం బెల్లు ఎప్పుడు కొడతారురా,
పొద్దుట్నించీ ఇదే రైలెక్కిస్తున్నారు."

ఆ రోజు నుంచీ నేను హీరో మొహం చూడలేదు.
ఏ బొమ్మ చూశావంటే పేరు చెప్పలేను,
వెనకాల ఎవరెవరు నిలబడ్డారో చెబుతాను.

చివరి ఆట ఒక నవంబరులో.
ఒక మిల్లు అప్పటికే మూతపడింది.
టీవీ పెట్టెలు వాయిదాల మీద ఇళ్లకొచ్చేశాయి.
బొమ్మ అయ్యాక ఓనరు ఎంట్విసిల్
పెళ్లికి కుట్టించుకున్న కోటేసుకుని స్టేజీ ఎక్కాడు.
మైకు గరగరమని చచ్చిపోయింది.
అయినా మాట్లాడాడు. ముప్ఫై ఏళ్లన్నాడట,
మీ దయ అన్నాడట.
తర్వాత మైకు కిందికి దించి,
ఎవరికీ వినపడదన్న ధైర్యంతో
తనలో తాను ఒక్క మాట అనుకున్నాడు.

నేలలో ఇరవైమంది నేతగత్తెలు
ఒక్కసారి తలెత్తారు.

"రేపు సాయంత్రం నేనెక్కడికి పోను?"
అదీ ఆయనన్న మాట.
కాలువ వంతెన మీద అమ్మ చెప్పింది, అరుస్తూ.

ఇరవై నోళ్లు జవాబిచ్చాయి, చప్పుడు లేకుండా.
ఆయనకి ఆ చదువు రాదు.
లైటు కళ్లలో పడకుండా చెయ్యడ్డం పెట్టుకుని
చీకటికి నడుం వంచి వెళ్లిపోయాడు.

ఎల్సీ టీకి రమ్మందట.
ఇంకెవరో, నా రెండు షిల్లింగులిచ్చి
ఎక్కడికైనా పో అందట.
నువ్వేమన్నావని అమ్మని మూడుసార్లడిగాను.
వినపడనట్టే నడిచింది.
నిజంగా వినపడలేదేమో.

అక్కడ బింగో వచ్చింది, తివాచీల గోడౌను వచ్చింది,
ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు.
మూడో వరస ఉన్నచోట ఎవరిదో నీలం వ్యాను.
దాని పక్కన ఆగి
ఆ రాత్రిని వెనక్కి చుట్టి మళ్లీ వేస్తాను.
అమ్మ తలెత్తుతుంది. పెదవి కదులుతుంది.
పక్క సీట్లో ఉన్నాను కదా,
ఎన్నిసార్లు వేసినా
నాకు కనపడేది సగమే.